ప్రసంగంలో లేని మాట

ఫిబ్రవరి 9

మరదలు పిల్లకి,

వదిన రాసేది. ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఇకనుంచి మనిద్దరం ఉత్తరాలే రాసుకుందాం. ఫోన్లో మాట్లాడుకుంటే ఐదో నిమిషానికల్లా ఇద్దరిలో ఒకరం పెట్టేస్తున్నాం. పోయిన వారం పెట్టేసింది నువ్వు, అంతకుముందు వారం నేను. ఉత్తరమైతే ఆ సౌకర్యం లేదు, చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

ఇక్కడ మేం బాగానే కుదురుకున్నాం. మీ అన్నయ్యకి బస్సు డిపోలో పొద్దుటి డ్యూటీ పడింది. నాకు వీధి చివర రెండు గదుల కొట్టు దొరికింది. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో ఇస్త్రీ బల్ల. ఎదురుగా ఆసుపత్రి ఉంది కాబట్టి అన్నీ నర్సుల యూనిఫారాలే. ప్రతి నర్సుదీ ఒకటే గొడవ, జేబు చాలదని. ఆ జేబుల్లో ఏం పెట్టుకుంటారో నాకైతే అర్థం కాలేదు.

మొన్న ఒక నర్సమ్మ, ఏప్రిల్ మొదటి శనివారం కొట్టు మూసి ఉంటుందని నేను గోడకి కాగితం అంటించడం చూసి, "ఎక్కడికి?" అంది. సమావేశం ఉందన్నాను. "ఏ పార్టీది?" అంది. నవ్వాపుకుని చెప్పాను. మమ్మల్ని మోర్మన్లంటారమ్మా, ఆరునెలలకోసారి మాకు సర్వసభ్య సమావేశం జరుగుతుంది, ప్రవక్త, అపొస్తలులు మాట్లాడతారు, ప్రపంచంలో మా సంఘం హాళ్లన్నిట్లో తెరమీద చూస్తాం అని. "రెండు రోజులు కూర్చుని ప్రసంగాలు వింటారా?" అని జాలిపడింది. జేబు ఒక అంగుళం పెంచి పంపించాను.

అసలు విషయానికొస్తున్నా. సమావేశానికి ఇంకా ఎనిమిది వారాలుంది. నా అలవాటు నీకు తెలుసు, ముందునుంచే వారానికొక పాత ప్రసంగం తీసి చదువుకుంటాను. మీ అన్నయ్య పరీక్షకి చదువుతున్నావా అని వెక్కిరిస్తాడు. చదివి వెళ్తే వినేటప్పుడు చెవులు మరోలా పనిచేస్తాయని ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. పద్నాలుగేళ్లలో ఇరవై తొమ్మిది సమావేశాలు విన్నాను. ఏడు నోటు పుస్తకాలు నిండాయి. ఈసారిది ముప్పయ్యోది, దీన్ని ఒక్కదాన్నే వినాలని లేదు.

నువ్వు హాల్లో అడుగుపెట్టి రెండేళ్లయింది. అంటే నాలుగు సమావేశాలు పోయాయి. ఎందుకో నాకు తెలుసు, నీకు తెలుసు, నేను మాట్లాడను. నేనడిగేదొక్కటే. ఈసారి మా ఊరు రా. ఇక్కడ నీ గురించి ఎవరికీ ఏమీ తెలియదు. నా పక్కన కూర్చుందువుగాని. ఈలోగా వారానికొక పాత ప్రసంగం నా పుస్తకంలోంచి ఎత్తిరాసి పంపుతాను.

మొదటిది దీంతో పెడుతున్నా. మాట్లాడినావిడ చిన్నప్పుడు రోజూ సాయంత్రం స్టేషన్లో నాన్న కోసం ఎదురుచూసేదట. బండి ఎప్పుడూ ఆలస్యమే. వాళ్లమ్మ పిల్లల చేతికి గుడ్డ ముక్కలిచ్చి, నాన్న కూర్చునే బెంచీ తుడవమనేదట. ఎదురుచూడటమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు, వచ్చేవాళ్లకి చోటు సిద్ధం చేయడం అని ఆవిడ అన్నప్పుడు నేను ఏడ్చాను. మీ అన్నయ్య నిద్రపోయాడు.

నీ వస్తాననే మాట కోసం కాచుకుని ఉన్న,
వదిన

ఫిబ్రవరి 17

వదినకి,

నీ ఉత్తరం నాలుగు పేజీలు, ప్రసంగం మూడు పేజీలు. ఏడు పేజీల ఉత్తరాన్ని పోస్టుమాన్ పార్శిల్ అనుకుని సంతకం పెట్టించుకున్నాడు.

నీ ఎత్తు నాకు అర్థమైంది. ఒక ప్రసంగం, ఇంకో ప్రసంగం, ఆ తర్వాత "పోనీలే అమ్మా, క్షమించెయ్" అని ఇంకోటి. చిన్నపిల్లకి పంచదారలో మందు కలిపి పోసినట్టు పోస్తున్నావు. నువ్వు మాట్లాడనన్నావు కాబట్టి ఆ సంగతి నేనే మాట్లాడతాను. మళ్లీ ఒకసారి విను.

రెండేళ్ల కిందట ఇదే రోజుల్లో, సమావేశం ముందు ఆదివారం పాడే పాట కోసం హాల్లో సాధన చేస్తున్నాం. పదహారు మందిమి. పియానో సహోదరి వాయించడం ఆపి, కళ్లజోడు పైకి తోసుకుని, వేలు నావైపు చూపించి, "నీ గొంతు కలవడం లేదమ్మా, ఈసారికి కింద కూర్చో" అంది. పదిహేను మంది నావైపు చూశారు. నేను దిగి వెళ్లి కింద కూర్చున్నాను. పాట అయ్యేదాకా కూర్చుని, సంచి తీసుకుని ఇంటికొచ్చాను. నన్ను సంఘంలో మొట్టమొదట చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది ఆవిడే. అందుకే అంత మండింది.

దేవుడి మీద నాకు కోపం లేదు. రోజూ ప్రార్థన చేసుకుంటున్నాను, చదువుకుంటున్నాను. ఆవిడ వచ్చి, పొరపాటైందమ్మా అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట వినకుండా ఆ గుమ్మం తొక్కను. మీ ఊరు వచ్చి దొంగలా నీ పక్కన దాక్కోవడం కూడా నాకిష్టం లేదు. అదీకాక ల్యాబులో తల ఎత్తడానికి లేదు, ఈ వారం పదకొండు కట్టుడు పళ్ల సెట్లు ఇవ్వాలి. ఒకాయన తన పాత పళ్లలాగే పైవరసలో సందు కావాలని పట్టుబట్టాడు. సందు లేకపోతే మనవరాలు గుర్తుపట్టదట. మైనంలో మూడుసార్లు చెక్కి సందు తెప్పించాను.

స్టేషన్ బెంచీ ప్రసంగం మైనం ఆరేలోపు చదివాను. బాగానే ఉంది. ఇంకోటి ఉంటే పంపు. చదువుతానని కాదు.

మరదలు

ఫిబ్రవరి 24

నా ముద్దుల మరదలికి,

ఇంకోటి పంపమన్నావంటే వస్తావని అర్థం. నాకు తెలుసు. శనివారం వెళ్లి మడత మంచం తెచ్చేశాను. వెనక గదిలో ఇస్త్రీ బల్లని గోడవారకి జరిపితే సరిగ్గా పట్టింది. ఇక్కడి మా సంఘం శాఖాధ్యక్షుడికి కూడా చెప్పాను, మా ఆడపడుచు వస్తోంది, ఒక కుర్చీ ఎక్కువ వేయించండని. ఆయన తాళాలు బాగుచేసే మనిషి, ఎప్పుడూ జేబులో ఇరవై తాళంచెవులు గలగలలాడుతుంటాయి. ప్రార్థన చేసేటప్పుడు మాత్రం చేత్తో అదిమి పట్టుకుంటాడు.

మీ అన్నయ్య గురించి ఒకటి చెప్పాలి. ఆయన బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకునేలానూ లేడు. కానీ ప్రతి సమావేశానికీ నాతో వస్తాడు. రెండో ప్రసంగానికే కునుకు. ఇంటికొచ్చాక మాత్రం ఎవరికీ గుర్తులేని వాక్యం ఒకటి పట్టుకొస్తాడు. పోయినసారి, "ఆ బక్కపలచటాయన చివర్లో భలే అన్నాడే, నేను తప్పుదారిలో వేగంగా నడిచాను, అందుకే చాలా దూరం పోయాను అని" అన్నాడు. నేను గంటన్నర రాసుకున్నదాంట్లో ఆ మాట లేదు. నిద్రలో ఎలా విన్నావయ్యా అంటే, డిపోలో కూడా ఇంతే, నిద్రలో ఉన్నా నా బస్సు నంబరు పిలిస్తే లేస్తాను అన్నాడు. ఈ వారం ఆ బక్కపలచటాయన ప్రసంగమే ఎత్తిరాసి పంపుతున్నాను.

ఏ బస్సుకి వస్తావో రాస్తే మీ అన్నయ్య స్టాండుకి వస్తాడు.

మంచం వేసి పెట్టిన,
వదిన

మార్చి 2

వదినకి,

రానని స్పష్టంగా రాశాను. మంచం ఎవరు తెమ్మన్నారు? ఆ తాళాలాయనకి నేను రావడం లేదని చెప్పు. లేకపోతే సమావేశం రోజున ఖాళీ కుర్చీ చూసి అందరూ నాకేమైందోనని కంగారుపడతారు, ఆ తర్వాత నా పేరు ప్రార్థనల జాబితాలో రాసుకుంటారు.

నువ్వు నన్ను వినిపించుకోవడం లేదు వదినా. నాకు చిన్న కోరికే. ఒక్క క్షమాపణ మాట. మొన్న మందుల షాపులో పియానో సహోదరి ఎదురుపడింది. నన్ను చూసింది. నేను ఆగి నిలబడ్డాను, అంటుందేమోనని. "చలి తగ్గింది కదమ్మా" అని వెళ్లిపోయింది. రెండేళ్ల తర్వాత నాకు దక్కింది చలి కబురు.

ప్రసంగాలు మాత్రం ఆపకు. బక్కపలచటాయన నాకు నచ్చాడు. తప్పుదారిలో వేగంగా నడవడమేమిటో నాకు బాగా తెలుసు.

మరదలు

మార్చి 8

మరదలికి,

రావద్దులే. మంచం మీద బట్టలు మడతపెట్టుకుంటున్నాను, బాగానే పనికొస్తోంది. అలిగి రాయడం లేదు, నిజంగానే రాస్తున్నాను.

నీ చలి కబురు చదివి నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. నువ్వలా మందుల షాపులో నిలబడిపోవడం నాకు కళ్లకి కట్టింది. అందుకని ఈ వారానికి అనుకున్న ప్రసంగం పక్కనపెట్టి, నా మొట్టమొదటి పుస్తకం తీశాను. అట్ట ఊడిపోయింది, సిరా అక్కడక్కడా చెదిరింది. అందులో ఒక అపొస్తలుడు చెప్పిన వడ్రంగి కొడుకుల ప్రసంగం ఉంది. నీ కోసమే ఉందనిపించింది.

వడ్రంగికి ఇద్దరు కొడుకులు. ఇంట్లో ఒకటే పెద్ద రంపం, రెండు వైపులా పిడులున్నది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని లాగితేనే దుంగ తెగుతుంది. ఏదో మాట మీద అన్నదమ్ములు విడిపోయారు. పెద్దాడు తమ్ముడొచ్చి అడగాలన్నాడు, చిన్నాడు అన్న వచ్చి అడగాలన్నాడు. రంపం గోడకి వేలాడుతోంది. దుంగలు పెరట్లో వానకి నాని పుట్టగొడుగులు మొలిచాయి. తప్పెవరిదో తేలలేదు, కొయ్య మాత్రం పాడైపోయింది.

ఆ తర్వాత నా పుస్తకంలో ఇలా ఉంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "క్షమాపణ అడిగేదాకా గుమ్మంలో నిలబడి ఎదురుచూడకు. లోపలికి వెళ్లు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చో. వాళ్ల చేతిలో ఉన్న పని కొంచెం అందుకో."

ఇంతకన్నా నేను ఒక్క మాట ఎక్కువ రాయను. పంచదార లేదు, మందూ లేదు.

వదిన

మార్చి 16

వదినా,

నిన్న ఒక పని చేశాను. నువ్వు కూర్చుని ఉంటే సరే, నిలబడి ఉంటే మాత్రం కూర్చో.

ఆ నాలుగు వాక్యాలు ఐదు రోజులు నా వెంట పడ్డాయి. ప్లాస్టర్ కలుపుతుంటే అవే, ఆకురాయితో పన్ను గీస్తుంటే అవే. శనివారాలు హాలు శుభ్రం చేసుకోవడానికి సభ్యులు వంతులవారీగా వెళ్తారు కదా. నిన్న ఎవరి వంతో తెలుసుకోకుండానే వెళ్లాను. కొళాయి దగ్గర బకెట్ నింపుతూ ఉన్నది ఒక్కరే. ఎవరో చెప్పక్కర్లేదు.

వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. కాళ్లు తిరిగాయి కూడా. మళ్లీ ఆ వాక్యాలు. లోపలికి వెళ్లాను. ఆవిడ పియానో ముందు కూర్చుని గుడ్డతో దాని నలుపు తెలుపు మెట్లు తుడుస్తోంది. నేను ఒక కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, బకెట్లోంచి ఇంకో గుడ్డ తీసి పిండి, రెండో కొస నుంచి మొదలుపెట్టాను. ఆవిడ ఒకసారి చూసి మళ్లీ తుడవసాగింది. అటునుంచి ఆవిడ, ఇటునుంచి నేను. మధ్యకొచ్చేసరికి, "ఇది జరిపి కింద ఊడవాలి, అటు పట్టు" అంది. ఇద్దరం కలిసి పియానో జరిపాం. దాని కింద మూడు పెన్సిళ్లు, ఒక చెవిపోగు, లెక్కలేనంత దుమ్ము ఉంది.

ఊడుస్తూ, "ఎందుకొచ్చావు?" అని అడిగింది. రంపం కథ చెప్పి, ఆ నాలుగు వాక్యాలు అప్పజెప్పాను. అపొస్తలుడు చెప్పిందన్నాను. ఆవిడ ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. "ఏ సంవత్సరం? ఎవరు? నాకెందుకు గుర్తులేదు?" అని వరసగా అడిగింది. సమావేశం ప్రసంగాలు అచ్చైన సంచికలన్నీ ఏడాదికొక పుస్తకం చొప్పున కుట్టించి పెట్టుకుందట, ఇంటికెళ్లి చూసుకుంటానంది.

ఆవిడ క్షమాపణ అడగలేదు వదినా. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది, అడగలేదని. అక్కడున్న గంటన్నరా నేను దానికోసం చూడనేలేదు. వచ్చే ఆదివారం హాల్లో స్త్రీల తరగతికి వెళ్తానని మాట కూడా ఇచ్చేశాను. ఆ అపొస్తలుడికి నా దండాలు. నీకు కూడా, కొంచెం.

నీ మరదలు

మార్చి 22

బంగారు తల్లికి,

నీ ఉత్తరం మిషను మీద పెట్టుకుని మూడుసార్లు చదివాను. మూడోసారి సూది కింద వేలు పెట్టుకున్నాను, చిన్న గాయమే, కంగారు పడకు. మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "మా చెల్లెలు తనంతట తాను వెళ్లిందా?" అని రెండుసార్లు అడిగి, బయటికెళ్లి ముక్కు చీదుకుని వచ్చాడు. ఆయనకి జలుబు లేదు.

రేపు నువ్వు తరగతికి వెళ్తావు కదా. నేనిక్కడ కొట్టు మూసేసి, సరిగ్గా అదే సమయానికి మా హాల్లో నీ గురించి తలుచుకుంటూ కూర్చుంటాను. ఏం జరిగిందో వెంటనే రాయి.

సంతోషంతో గుండీలు తలకిందులుగా కుడుతున్న,
వదిన

మార్చి 24

వదినకి,

నీ సంతోషం ఉత్తరం ఇప్పుడే అందింది. దాన్ని పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను.

నిన్న వెళ్లాను. స్త్రీల తరగతిలో పదకొండు మందిమి ఉన్నాం. ఇద్దరు ముగ్గురు లేచొచ్చి పలకరించారు. నేను ధైర్యం తెచ్చుకుని ముందు వరసలో కూర్చున్నాను. పియానో సహోదరి కుట్టించిన పుస్తకం ఒకటి చంకలో పెట్టుకుని వచ్చింది. లేచి నిలబడి, కళ్లజోడు పైకి తోసుకుని, అందరి ముందూ అంది: "ఈ సహోదరి నాకు చెప్పిన ప్రసంగం దొరికింది. రంపం కథ ఉంది. ఆ నాలుగు వాక్యాలు మాత్రం లేవు. మూడుసార్లు చదివాను. అపొస్తలుడు అనని మాట అపొస్తలుడు అన్నాడని చెప్పకూడదమ్మా."

పది తలలు నావైపు తిరిగాయి. ఈసారి పదిహేను కాదు, పదే. అంతవరకు నయం.

నువ్వే అల్లావు కదూ? నన్ను హాలుకి పంపడానికి నీ మాటలు ఆయన నోట్లో పెట్టావు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను అని కూడా రాశావు, ఉత్తరం నా దగ్గరే ఉంది. నేను వాటిని ఐదు రోజులు జపం చేసుకున్నాను వదినా. ఆవిడ ముందు ఎంత గర్వంగా అప్పజెప్పానో తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

నేను సమావేశానికి మీ ఊరూ రాను, ఇక్కడా వెళ్లను. ఇంక ప్రసంగాలు పంపకు.

మరదలు

మార్చి 27

మరదలికి,

నీ ఉత్తరం చదివి వెంటనే మొదటి పుస్తకం తీశాను. నువ్వన్నది నిజం. ఆవిడన్నది కూడా నిజం. ఆ నాలుగు వాక్యాలు ఆయనవి కావు, నావి.

అల్లలేదు. ఎలా జరిగిందో చెప్తాను, నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం. ఇప్పుడు నా పుస్తకాల్లో పేజీ మధ్య నిలువుగా గీత ఉంటుంది. ఎడమ పక్క వాళ్లు చెప్పింది, కుడి పక్క వింటుంటే నా మనసుకి తట్టింది. చెప్పినదానికన్నా తట్టినదే ముఖ్యమని మన సంఘం పెద్దలు ఎప్పుడూ అంటారు కదా, అది నేర్చుకున్నాక పెట్టుకున్న అలవాటు. కానీ మొదటి సమావేశానికి నాకది తెలియదు. గీత లేదు. ఆయన చెప్పిందీ, నాకు తట్టిందీ ఒకే సిరాతో ఒకదాని కింద ఒకటి రాసేశాను. పద్నాలుగేళ్ల తర్వాత చదివితే నాకే తేడా తెలియలేదు. అంత మంచి మాట నాదై ఉంటుందని అనుమానం కూడా రాలేదు. అచ్చుపుస్తకంతో సరిచూడకుండా పంపడం నా తప్పు. పియానో సహోదరికి ఆ మాట నేనన్నానని చెప్పు, తప్పు నాదేనని చెప్పు. నీ తల దించుకోకు.

ఆ రోజు నాకు ఒకరి మీద మనసు విరిగి ఉంది. అందరి ముందు ఒక మాట అన్నారు. నేను మూడు నెలలు ఎదురుచూశాను, వచ్చి ఏమైనా అంటారేమోనని. ఆయన రంపం గురించి చెప్తుంటే ఆ కుర్చీ సంగతి నాకు తట్టింది. రాసుకున్నాను, సాయంత్రం ఇంటికొచ్చి అలాగే చేశాను. ఆ మనిషి ఎవరని అడగకు. వాళ్లకి గుర్తు కూడా ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. మాట ఆయనది కాకపోవచ్చు, ఆయన చెప్పకపోతే నాకు తట్టేది కాదు. నాకు పనిచేసింది, నీకూ పనిచేసింది, పియానో జరిగింది. నామీద కోపమొస్తే నన్ను వదిలేయ్, ఓ ఆరునెలలు ఉత్తరం రాయకు. సమావేశాన్ని మాత్రం వదులుకోకు. నీ కోసం అక్కడ ఏదో మాట సిద్ధంగా ఉంది. అది నా పుస్తకంలోంచి ఎత్తిరాసింది కాదు, నువ్వే వినాల్సింది. నాకు ఆ నమ్మకం ఉంది, ఎందుకుందని అడిగితే చెప్పలేను.

వదిన

ఏప్రిల్ 5, శనివారం

వదినా,

హాలు వెనక గదిలో కూర్చుని రాస్తున్నాను. పొద్దుటి సభ అయింది, రెండోదానికి ఇంకా గంటన్నర ఉంది. అవును, మన హాల్లోనే. అన్నీ వరసగా చెప్తాను.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. మొదట కోపంగానే చదివాను. "మొదటి సమావేశం" అన్న చోట ఆగాను. నీ మొదటి సమావేశమంటే మీ పెళ్లయిన ఏడాది అక్టోబరు. ఆ ఆదివారం సాయంత్రం నాకు గుర్తుంది. నేను అప్పుడే పని నేర్చుకుంటున్నాను, కిటికీ దగ్గర కూర్చుని ఒక దవడ అచ్చుకి అంచులు గీస్తున్నాను. నువ్వు బయటినుంచి వచ్చి, చెప్పులు విప్పి, వంటగదిలోంచి కుర్చీ లాక్కొచ్చి నా పక్కన వేసుకున్నావు. "నాకూ ఒకటివ్వు, గరుకు కాగితంతో రుద్దుతాను" అన్నావు. ఈవిడకి సిగ్గూ శరం లేదా అనుకున్నాను. అక్షరాలా అలాగే అనుకున్నాను వదినా. నా మనసులోని మాట దాచడం లేదు.

ఎందుకలా అనుకున్నానో ఆలోచిస్తే, అంతకు మూడు నెలల ముందు సంగతి గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనడం తప్పు. మరిచిపోయినట్టు నటించడం మానేశాను. మీ పెళ్లయిన కొత్తలో మనింటికి బంధువులందరూ వచ్చిన రోజున ఫోటోగ్రాఫర్ అందరినీ వరసగా నిలబెడుతుంటే, నువ్వు అన్నయ్య పక్కకి వచ్చావు. "ఇది మా ఇంటివాళ్ల ఫోటో, నువ్వు కాస్త జరుగు" అన్నాను. అందరికీ వినపడేలా అన్నాను. అన్నయ్య ఆ సమయానికి కాలరు సర్దుకుంటున్నాడు, వినలేదు. నువ్వు జరిగి, మా అందరి చేతిసంచులూ పట్టుకుని నిలబడ్డావు.

సోమవారమే ఆ ఫోటో బీరువాలోంచి తీశాను. చివర్లో అంచున నీ మోచెయ్యి పడింది, దానికి మూడు సంచులు వేలాడుతున్నాయి. అందులో నీలం రంగుది నాది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చూశానో, ఆ మోచెయ్యి ఎప్పుడూ నా కంట పడలేదు.

మంగళ, బుధ వారాలు ల్యాబులో ఏం చేశానో తెలియదు. సందు కావాలన్నాయన మళ్లీ వచ్చి మనవరాలు గుర్తుపట్టిందని చెబితే, ఆయన ముందే ఏడ్చాను. ఆయన చాలా పొంగిపోయి ఉంటాడు.

పదహారు మంది ముందు నన్ను కింద కూర్చోమన్నారని రెండేళ్లు గుమ్మం తొక్కని మనిషిని నేను. ఇరవై ఆరు మంది ముందు నేను నిన్ను ఫోటోలోంచి జరిపాను, నువ్వు మూడు నెలలకే వచ్చి నా పక్కన కూర్చున్నావు. నువ్వు అలా కూర్చోకపోతే నాకు సంఘం లేదు, పియానో సహోదరి లేదు, ఈ సమావేశమే లేదు. నన్ను నిలబెట్టింది ఏ ప్రసంగమో అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ.

ఈరోజు పొద్దున్నే వచ్చాను. పియానో సహోదరి మూడో వరసలో ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఆ మాట మా వదినదండీ" అన్నాను. "అది ముందే చెప్పాల్సింది" అంది. సంచిలోంచి ఆ కుట్టించిన పుస్తకమే తీసింది. రంపం ప్రసంగం పేజీలో అంచున ఆ నాలుగు వాక్యాలూ అప్పటికే పెన్సిలుతో రాసుకుని ఉంది, కింద ఖాళీ వదిలి. "ఎవరన్నారని రాయను?" అని అడిగింది. వదిన అని రాయండి, అన్నాను. రాసుకుంది. తెర మీద పాట మొదలవుతుంటే నావైపు వంగి, "నీ గొంతు ఇప్పటికీ కలవదు తెలుసా" అంది. తెలుసన్నాను. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది, ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ ఇంకా క్షమాపణ అడగలేదు. అడగదు. నాకు అక్కర్లేదు.

నీకు మాత్రం అక్కర్లేదని నేను అనుకోను. పద్నాలుగేళ్ల పాటు నువ్వు నన్ను నిలదీయలేదు కాబట్టి నేనూ క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. తప్పు నాది వదినా. చాలా పెద్ద తప్పు. నన్ను క్షమించు.

ఇది నువ్వొక్కదానివే మిషను దగ్గర కూర్చుని చదువుకోకు. ఆ మాట నేను అందరి ముందు అన్నాను, దీన్ని కూడా అందరి ముందే చదవాలి. అన్నయ్యని పిలువు, కాలరు సర్దుకోకుండా సరిగ్గా కూర్చోమను. ఆ తాళాలాయన ఉంటే ఆయన్నీ, జేబుల కోసం వచ్చిన నర్సులుంటే వాళ్లనీ పిలువు. గట్టిగా చదువు. మా వదిన మా ఇంటి మనిషి అని నీ ఆడపడుచు రాసిందని చెప్పు.

గంట మోగింది, వెళ్లాలి. పియానో సహోదరి నా కోసం కుర్చీ పట్టి ఉంచింది.

నీ మరదలు